కొమ్ముచెంబు

మొదటిరోజు ఊలుండ ఒళ్లోంచి దూకి
సీటు కిందికి పోయింది.
శనగలబ్బాయి కాళ్ల సందులోంచి దూరి,
ఎవరిదో కూరల సంచీని ఒక చుట్టు చుట్టి,
బాత్రూం తలుపుదాకా పోయి ఆగింది.
పెట్టెలో సగంమంది కాళ్లు పైకెత్తేశారు
పామొచ్చినట్టు.
"మే నెల్లో, గుంటూరు బండిలో, ఊలేంటమ్మా?"
అన్నాడొకాయన చెమట తుడుచుకుంటూ.
జవాబివ్వడానికి నోరు ఖాళీ లేదు,
పళ్లమధ్య కొస ఉంది.

తర్వాత ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.
లాగినప్పుడల్లా గరగరమని
ఎదురుసీటు నిద్రని లేపేది.
హ్యాండుబ్యాగులో వేస్తే
తాళాలగుత్తి, దువ్వెన, ఇయర్‌ఫోను తీగ
అన్నీ కలిసి దాంతో కాపురం పెట్టాయి.
రెండు రంగులు తెచ్చిన రోజు
నంబూరు వచ్చేసరికి
ఏ పోగు ఎవరిదో తేలలేదు.

చివరికి అటకమీంచి దిగింది
మా నాయనమ్మ ఇత్తడి కొమ్ముచెంబు.
ఉండని లోపల కూర్చోబెట్టి
చీపురుపుల్లకి కొస కట్టి
కొమ్ములోంచి బయటికి తీశాను.
మూతికి చేతిగుడ్డ, దానిమీద రబ్బరుబ్యాండు.
ఇక లాగితే వస్తుంది, ఆపితే ఆగుతుంది,
ధారలా, ఎంత కావాలో అంతే.
లోపల ఉండ తన మానాన తాను దొర్లుతుంటే
ఇత్తడి సన్నగా మోగుతుంది.
కృష్ణ వంతెన మీద మాత్రం ఆ చప్పుడు వినపడదు.

ఎవరికంటే,
గుంటూరు పెద్దాసుపత్రిలో
నెలలు నిండకుండా వచ్చేసినవాళ్లకి.
బయట నలభైనాలుగు డిగ్రీలు.
లోపల వాళ్లకి చలి.
బత్తాయంత తల. యాభై ఆరు కుట్లు.
అక్కడి రికార్డుల గదిలో నా పని బరువులు రాయడం:
తొమ్మిదివందల గ్రాములు, కిలో నూటయాభై.
ఆ అంకెలు వేసిన చేతికి
ఊరికే ఉండబుద్ధి కాలేదు.

సిస్టర్ ఎస్తేరు టోపీలు లెక్కపెట్టదు.
ఎన్నిస్తే అన్నీ కొంగులో వేసుకుని పోతుంది.
ఒక గురువారం ఒకటి తిరిగి తెచ్చి
నా బల్లమీద పెట్టింది. పసుపుపచ్చది.
నేనడగలేదు. తనూ చెప్పలేదు.
రిజిస్టరులో రాయాల్సింది ఎలాగూ నేనేగా.

సాయంత్రం బండిలో దాన్ని విప్పాను.
చెంబు తేలేదారోజు.
విప్పిన పోగు తిన్నగా రాలేదు,
ప్రతి కుట్టునీ గుర్తుపెట్టుకుని
వంకర్లు వంకర్లుగా ఒళ్లో కుప్పపడి
పెదకాకాని దాటేసరికి ఒకటే చిక్కు.
లాగాను. బిగిసింది.
ఇంకా లాగాను.

మంగళగిరిలో చీరల మూటతో ఎక్కిన ముసలామె
కాసేపు చూసి, చూడలేక,
"ఇటియ్యి" అంది.
వీరరాఘవమ్మట. మగ్గం గుంటలో
యాభై ఏళ్లు కాళ్లాడించిన మనిషి.
"కొసకోసం దేవులాడమాక,
అది దొరికేటప్పుడు దొరుకుద్ది.
నడిమికి వేళ్లు పెట్టి గాలాడనియ్యి."
కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని
విదిలించింది, ఊదింది, వదులు చేసింది.
కృష్ణా కెనాల్లో సిగ్నలు లేక బండి ఆగింది.
ఎవరికల్లిందని అడిగింది.
చెప్పాను.
ఆమె వేళ్లు ఆగలేదు.
"తడిపి, లడి కట్టి, కింద బరువుకి
ఏదన్నా చెంబు యాలాడదియ్యి.
తెల్లారేసరికి వంకర్లు పోతయ్."
బండి కదిలాక, మూట సర్దుకుంటూ
"అన్నీ పోవులే" అంది.

ఇవాళ మళ్లీ పొద్దుటి బండి.
చెంబులో పసుపుపచ్చ ఉండ.
కొమ్ములోంచి వచ్చే పోగులో
అక్కడక్కడా ఒక చిన్న వంపు
వేలికి తగులుతోంది.
ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు.
శనగలబ్బాయి నా దగ్గరికొచ్చేసరికి
అలవాటుగా కాలెత్తి దాటి
"ఈసారి ఏ రంగక్కా?" అన్నాడు.
చెంబు చూపించాను.
నోరు ఖాళీ లేదు, లెక్క ఉంది.